రోగుల చిట్టాలు – యజమాని బాధ్యత

(మైపాడులో జరిగిన పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వేట నిషేధపు దినములలో మైపాడునకు వచ్చుట మాకొక సదుపాయము. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు ఇంజను పడవలు ఒడ్డుననే యుండును గనుక, సముద్రము మీద నుండవలసిన సభ్యులు సైతము నేడు ఈ సభలో కూర్చుండియున్నారు. వలలు బాగుచేసికొను పని విడిచి వచ్చిన వారిని ఎక్కువసేపు నిలుపుట భావ్యము కాదు. నేరుగా విషయములోనికి దిగెదము.

మా ప్రసంగములు సాధారణముగా ఏదో ఒక పథకమును గూర్చి యుండును. ఎన్ని రూపాయలు, ఎవరికి, దరఖాస్తు ఎక్కడ ఇయ్యవలెను అని చెప్పి దిగిపోవుదుము. నేడు తెచ్చినది పథకము కాదు, ఒక ప్రశ్న. వైద్యశాలలో గాని, ఉపకేంద్రములో గాని, మందుల దుకాణములో గాని మీ జబ్బును గూర్చి వ్రాసికొన్న చిట్టా నుండి అక్కడి ఉద్యోగి ఒకడు తన సొంత పనికై ఒక సంగతిని తీసి వాడుకొన్నాడనుకొనుడు. తప్పు ఆ ఉద్యోగిది మాత్రమేనా? అతనికి ఆ చిట్టాను అప్పగించిన యజమాని, అనగా ప్రభుత్వమో, ఆసుపత్రి స్వంతదారో, కాంట్రాక్టరో, దానికి జవాబు చెప్పవలసిన పని యున్నదా, లేదా?

ఈ ప్రశ్న మా మనస్సున నాటుకొనుటకు కారణము మేము పొందిన ఒక అవమానము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పల్లెలో క్షయ రోగులకు పోషకాహారపు పొట్లములు పంచిపెట్టిరి. ప్రచారము మా వృత్తి గనుక మేమును పోయితిమి, ఫోటోలు తీయించితిమి, కేంద్రమువారు ఇచ్చిన జాబితా చూచి ఫోటో క్రింద పేర్లును ఊరును వేసి ఒక చిన్న పుస్తకము అచ్చు వేయించితిమి. మరుసటి యేడు వేరొక పని మీద ఆ ఊరికి పోగా ఒక తల్లి మమ్ము ఆపి నిలవేసినది. ఆమె కూతురికి జబ్బు నయమైనది. సంబంధము చూడ వచ్చినవారు మాత్రము ఆ పుస్తకమును చేతపట్టుకొని వచ్చి, చూపి, కాఫీ త్రాగకుండ లేచిపోయిరట. “జబ్బు ఆరు నెలల్లో పోయింది సార్, మీ పుస్తకం ఇంకా ఊళ్లో తిరగతానే ఉండాది” అని ఆమె అన్నది. మాకు సమాధానము తోచలేదు.

కార్యాలయమునకు తిరిగి వచ్చినప్పుడు మాలో మొదట పుట్టిన ఆలోచన యేమనగా, ఫోటో తీసినవాడు ఆ పిల్లను అడిగి తీయవలసినది గదా అని. యజమాని మొదటి మాట ఎప్పుడును అదియే. అతనిని పంపినది మేము. అడిగి తీయుమని చెప్పని వారము మేము. పేర్లు వేయించినదియు మేమే. ఆ ఫోటో ఎవరి సొంత లాభమునకును తీసినది కాదు, అయినను ఆ ఇంటికి ఇంత కీడు చేసినది. ఇక సొంత లాభమునకే చిట్టా తెరచువాని సంగతి చెప్పవలసిన దేమున్నది?

పల్లెలలో రహస్యమునకు ఉన్న కష్టము పట్టణములలో లేదు. నెల్లూరు పెద్దాసుపత్రిలో ఓ.పి. చీటీ వ్రాయువానికి ఎదుట నిలిచిన రోగి ఎవరో తెలియదు. ఇక్కడ ఉపకేంద్రములో పేరు వ్రాసికొను అమ్మాయికి ఆ రోగి మేనత్త కావచ్చును, ఎదురింటి కోడలు కావచ్చును, పోయిన ఎన్నికలలో ఎదుటి పక్షమువారి అన్న కావచ్చును. పెండ్లి సంబంధము వాకబు చేయువారు ముందు దేవాలయపు పూజారిని అడుగుదురు, తరువాత ఆసుపత్రిలో ఎవరైన తెలిసినవారున్నారా అని వెదకుదురు. గర్భిణుల జాబితాలో ప్రసవపు తేదీలు ఉండును. ఆ తేదీలు తెలిసిన ప్రైవేటు ఆసుపత్రి ఏజెంటునకు అది పంట. పొలము తగాదాలో అన్నదమ్ములలో ఒకడు రెండవవానికి పిచ్చి మందు ఇప్పించిరని ఋజువు కావలెనని తిరుగును. మీలో కొందరు నవ్వుచున్నారు గనుక ఈ సంగతులు మీకు క్రొత్త కావని తలంచెదము.

ఇటువంటిది బయట పడినప్పుడు పైవారు చెప్పు మాట ఒక్కటే: “అతడు మా పని మీద చేయలేదు, తన సొంతమునకు చేసినాడు. అతనినే అడుగుకొనుడు.” ఈ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. ఎంత న్యాయము, ఎక్కడి వరకు అనునది చూడవలెను. దీనికై ముందు ఒక బంగారపు కథ చెప్పెదము.

1947 సెప్టెంబరులో అమృతసరము నుండి ఒక వర్తకుడు బంగారము, వెండి అమ్ముటకై మీరటు పట్టణమునకు వచ్చెను. పోలీసులు అనుమానించి అతనిని పట్టుకొని, సొత్తును స్వాధీనము చేసికొనిరి. మరునాడు అతనిని విడిచిరి, తరువాత వెండియు తిరిగి ఇచ్చిరి. 103 తులములకు పైబడిన బంగారము మాత్రము తిరిగి రాలేదు. దానిని కాపాడవలసిన హెడ్ కానిస్టేబులే దానిని తీసికొని పాకిస్తానునకు పారిపోయెను. వర్తకుడు ప్రభుత్వము మీద దావా వేసెను. కస్తూరీలాల్ కేసు అని దీనికి పేరు. 1964లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ సొత్తును కాపాడుటలో పోలీసులు అశ్రద్ధ చేసినమాట నిజమే, కాని పట్టుకొనుట, స్వాధీనము చేసికొనుట రాజ్యాధికారమునకు చెందిన పనులు గనుక ప్రభుత్వము పరిహారము ఇయ్యనక్కరలేదు అని తేల్చినది. ఇదే కోర్టు రెండేండ్లకు ముందు, 1962లో, ఉదయపూరు కలెక్టరుగారి జీపును మరమ్మతు చేయించి తెచ్చుచు దారిన పోవువానిని గుద్ది చంపిన డ్రైవరు విషయములో రాజస్థాన ప్రభుత్వము పరిహారము ఇయ్యవలసినదే యని చెప్పియున్నది. జీపునకు ఒక న్యాయము, బంగారమునకు ఒక న్యాయము! కస్తూరీలాల్ తీర్పు వ్రాసిన న్యాయమూర్తులకే అది తృప్తి నీయలేదు. శాసనసభలు దీనికొక చట్టము చేయవలెనని సూచించిరి. అంతకు ముందే 1956లో లా కమిషను తన మొట్టమొదటి నివేదికను ఈ విషయము మీదనే వ్రాసియుండెను. ఆ చట్టము నేటికిని రాలేదు.

చట్టము రాకపోయినను న్యాయము ఒక్కచోట నిలిచిపోలేదు. దానిని కదిలించిన రెండు కేసులు మన రాష్ట్రము నుండియే పోయినవని చెప్పుకొనుట మనకు గర్వమో, సిగ్గో తెలియదు. మొదటిది నాగేంద్రరావు కంపెనీ కేసు. 1975లో అధికారులు ఎరువులు, ధాన్యము స్వాధీనము చేసికొని, వాటిని సకాలమున అమ్మక, కాపాడక ఉంచిరి. తరువాత విడిచిపెట్టుడని ఉత్తరువు వచ్చి, వర్తకుడు పోయి చూచుసరికి సరుకు పాడైపోయినది. 1994లో సుప్రీంకోర్టు, ఉద్యోగుల అశ్రద్ధకు ప్రభుత్వము బాధ్యత వహింపవలసినదే, రాజ్యాధికారమను మాట ఇక్కడ చెల్లదు అని తీర్పు చెప్పినది. రెండవది నాటి కర్నూలు జిల్లాలోని కోయిలకుంట్ల సబ్‌జైలు కేసు. 1977లో జైలులో నున్న తండ్రీకొడుకుల మీద రాత్రివేళ ప్రత్యర్థులు బాంబులు వేయగా తండ్రి చనిపోయెను. ప్రాణభయమున్నదని వారు ముందే మొరపెట్టుకొనియుండిరి. చల్లా రామకృష్ణారెడ్డి కేసను పేర ఇది సుప్రీంకోర్టు వరకు పోయి, 2000 సంవత్సరమున పరిహారము ఖాయమైనది. మనిషిని అదుపులో ఉంచుకొన్నవారు అతని ప్రాణమును కాపాడవలెను; తప్పినచో రాజ్యాధికారమను కవచము అడ్డు రాదు అని తేలినది.

బంగారము, ఎరువులు, ఖైదీ. ఈ మూడింటిలోను సామాన్యమైన సంగతి ఒకటి కలదు. ఒకరి వస్తువునో, ప్రాణమునో వేరొకరు తమ అధికారము క్రింద ఉంచుకొన్నారు. రోగి చెప్పుకొన్న జబ్బు అట్టిది కాదా? అతడు దానిని అంగడిలో చెప్పలేదు. చెప్పనిదే మందు దొరకదు గనుక చెప్పెను. చెప్పినది చిట్టాకెక్కెను. ఆ చిట్టాకు ఆసుపత్రి కావలి.

ఇందులో ఒక చిక్కు కలదు. బంగారము పోయిన, పెట్టె ఖాళీయగును, అందరికి కనబడును. రోగి రహస్యము పోయినను చిట్టా బీరువాలోనే, ఎక్కడ నుండవలెనో అక్కడనే యుండును. ఒక పుట కూడ చినగదు. పోయినదని ఎట్లు ఋజువు చేయవలెను? ఎవరు చూచిరని చెప్పవలెను?

సరిగా ఈ చిక్కులోనే పడిన ఒక నర్సమ్మ కథ ఫిన్లాండు దేశమున జరిగినది. ఆమె ఒక ప్రభుత్వ వైద్యశాలలో కంటి విభాగమున పని చేయుచు, అదే వైద్యశాలలో వేరొక విభాగమున హెచ్.ఐ.వి.కి చికిత్స పొందుచుండెను. 1992 ప్రాంతమున తోటి ఉద్యోగుల చూపులు, మాటలు మారినవని ఆమెకు తోచినది. తన కాగితములను వారు తెరచి చూచిరని ఆమె అనుమానము. ఎవరు చూచిరో తేల్చుడని అడుగగా, వైద్యశాల కంప్యూటరులో చివరి అయిదు పర్యాయములు మాత్రమే నిలుచుననియు, అందులోను విభాగము పేరే గాని మనిషి పేరు ఉండదనియు జవాబు వచ్చినది. ఋజువు లేదని అక్కడి కోర్టులు ఆమె దావాను కొట్టివేసినవి. ఆమె ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమునకు పోయినది. 2008 జూలై 17న ఆ న్యాయస్థానము చెప్పిన మాట మన పంచాయతీ కార్యాలయములలో వ్రాసి పెట్టుకొనదగినది. ఎవరు చూచిరో ఆమె ఋజువు చేయలేకపోవుటకు కారణమే వైద్యశాల లెక్క సరిగా ఉంచకపోవుట. ఆ లోపపు భారమును ఆమె నెత్తిన వేయుట న్యాయము కాదు అని. ఖర్చులు గాక 13 వేల యూరోలకు పైగా పరిహారము ఇయ్యవలెనని ఫిన్లాండు ప్రభుత్వమును ఆదేశించినది. చూచినవాడెవడో నేటికిని తెలియదు. అయినను యజమాని బాధ్యుడయ్యెను.

దీనికి తోడుగా అమెరికా నుండి రెండు తీర్పులు చెప్పవలెను. రెండును బంధుత్వపు కథలే గనుక మన పల్లెలవారికి సులభముగా బోధపడును. న్యూయార్కు రాష్ట్రమున ఒక క్లినిక్కులో పని చేయు నర్సు, అక్కడికి సుఖవ్యాధి చికిత్సకై వచ్చిన ఒక యువకుని గుర్తుపట్టినది. అతడు ఆమె వరుసకు చెందిన ఒక పిల్లతో సంబంధము కలవాడు. వెంటనే ఆ పిల్లకు ఫోనులో సందేశములు పంపినది. క్లినిక్కువారు నర్సును ఉద్యోగము నుండి తొలగించిరి. యువకుడు క్లినిక్కు మీద దావా వేయగా, 2014లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము, నర్సు చేసినది తన సొంతమునకు, ఉద్యోగ ధర్మమునకు వెలుపల. ఆమె చేసినదంతయు యజమాని నెత్తిన రుద్దరాదు అని చెప్పినది. ఇండియానా రాష్ట్రమున వాల్‌గ్రీన్ అను పెద్ద మందుల దుకాణములో పని చేయు ఒక ఫార్మసిస్టు, తన భర్తకు పూర్వము స్నేహితురాలైన యువతి మందుల చిట్టాను తెరచి చూచి, ఆ సంగతిని భర్తకు చెప్పినది. అతడు దానిని పట్టుకొని ఆ యువతిని వేధించెను. దుకాణమువారు ఫార్మసిస్టును మందలించి, మరల శిక్షణ ఇచ్చి ఊరకుండిరి. 2013లో జూరీ 14 లక్షల 40 వేల డాలర్లు ఇయ్యవలెనని తీర్పు చెప్పినది, మరుసటి యేడు పై కోర్టు దానిని నిలిపినది.

ఒకే విధమైన తప్పు. ఒకచోట యజమాని బయటపడెను, ఒకచోట చిక్కుకొనెను. అట్లయినచో న్యాయము లాటరీ వంటిదా అని మీరడుగవచ్చును. కాదు. క్లినిక్కును విడిచిపెట్టిన న్యూయార్కు తీర్పును పూర్తిగా చదివినచో అందులోనే ఇంకొక మాట కలదు. రహస్యమును కాపాడు ఏర్పాట్లు చేయకపోయినను, ఉద్యోగులకు శిక్షణ ఇయ్యకపోయినను, ఆ సొంత లోపమునకు యజమాని మీద నేరుగా దావా వేయవచ్చును అని. అనగా, నౌకరు పగకు యజమాని పూచీయా అను ప్రశ్న మీద న్యాయమూర్తులు భేదించుచున్నారు. పెట్టెకు తాళము వేసితివా అను ప్రశ్న మీద ఎవరికిని భేదము లేదు. మేము ఈ సమావేశమునకు తెచ్చిన మాట ఇదియే. ఉద్యోగి మనస్సులో నేమున్నదో పంచాయతీ చూడలేదు. తాళము చూడగలదు.

మన దేశపు చట్టములలో ఈ తాళము సంగతి క్రమముగా గట్టిపడుచున్నది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము, పుట్టస్వామి కేసులో, ఆంతరంగికత ప్రతి మనిషికి ప్రాథమిక హక్కు అని చెప్పినది. అదే యేడు వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము, అట్టి చిట్టాలుంచు ప్రతి సంస్థయు వాటి రక్షణకు ఏర్పాట్లు చేయవలెననియు, సంస్థలోని మనుష్యులు జవాబుదారీగా ఉండు పద్ధతి పెట్టవలెననియు చెప్పుచున్నది. గర్భస్రావము చేయించుకొన్న స్త్రీ పేరు బయట పెట్టిన వైద్యునికి ఏడాది వరకు ఖైదు వేయవచ్చునని 2021 సవరణ. వైద్యుల ప్రవర్తనా నియమములు 2002 నాటివి. రోగి కోరినచో అతని కాగితములను 72 గంటలలో అతనికి ఇయ్యవలెనని అందులో కలదు. రోగి తన కాగితము తాను అడిగిన రేపు రమ్మందురు, పెండ్లివారు అడిగిన నేడే చెప్పుదురు. ఇది మా ఆక్షేపణ, చట్టములోనిది కాదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము అన్నిటికంటె పెద్దది. సమాచారమును ఎవరు ఏ పనికై సేకరింపవలెనని నిర్ణయింతురో వారే దానికి పూచీ, ఆ పనిని కాంట్రాక్టరునకు అప్పగించినను పూచీ తప్పదు అని దాని సారము. తగిన రక్షణ చేయనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా. దీని నిబంధనలు 2025 నవంబరులో వెలువడినవి. ప్రధాన బాధ్యతల అమలునకు పదునెనిమిది నెలల గడువు ఇచ్చిరి. ఎవరెవరు సమాచారమును తెరచిరో ఆ లెక్కను ఏడాది పాటు నిలుపవలెనని నిబంధనలలో కలదు. ఫిన్లాండు నర్సమ్మ అడిగినది ఈ లెక్కనే.

ఈ చట్టమును పొగడుట మా ఉద్యోగము. దాని కొరతలును చెప్పనిదే మీకు ఉపయోగము లేదు. అది కంప్యూటరులో, ట్యాబులో, ఫోనులో ఉన్న సమాచారమునకే వర్తించును. ఏఎన్‌ఎం సంచిలోని చేతి వ్రాత రిజిస్టరునకు వర్తింపదు. జరిమానా కేంద్ర ప్రభుత్వ ఖజానాకు పోవును; ఆ జరిమానా నుండి నష్టపోయిన పిల్లకు ఒక్క రూపాయి రాదు. ఆమెకు పరిహారము కావలెనన్న సివిల్ కోర్టుకో, హైకోర్టుకో పోవలెను. డబ్బు పుచ్చుకొని వైద్యము చేయు ఆసుపత్రి మీద వినియోగదారుల కమిషనునకు పోవచ్చును గాని, అందరికి ఉచితముగా చూచు ప్రభుత్వ వైద్యశాల వినియోగదారుల చట్టము పరిధిలోనికి రాదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పియున్నది. కావున బీదవానికి చట్టము ఇచ్చు పరిహారముకంటె, మీరు ముందుగా వేయించు తాళమే గట్టిది.

కాంట్రాక్టరు మాట వచ్చినది గనుక ఒక సంగతి. నేడు ఆరోగ్య కేంద్రములలో కంప్యూటరు ముందు కూర్చుండువారు పలువురు ఏజెన్సీల ద్వారా వచ్చినవారు. “అతడు మా ఉద్యోగి కాడు” అను మాట ఇక మీద తరచుగా వినబడును. ఆసుపత్రిలో చికిత్స చేసిన వైద్యుడు జీతగాడైనను, పిలువగా వచ్చి పోవువాడైనను రోగికి ఆసుపత్రియే జవాబుదారి అని 2004లో సుప్రీంకోర్టు సవితా గార్గ్ కేసులో తేల్చినది. రోగి వచ్చినది ఆసుపత్రి బోర్డు చూచి. ఏజెన్సీ పేరు అతడెరుగడు.

యజమాని పూచీ కానిదియు ఒకటి చెప్పవలెను, లేనియెడల అన్యాయము చేసినవారమగుదుము. 1978లో స్టేట్ బ్యాంకు కేసొకటి. ఒకామె తరఫున బ్యాంకులో వేయవలసిన డబ్బును, రసీదు లేకుండ, పొరుగువాడైన బ్యాంకు ఉద్యోగికి స్నేహము కొలది ఇచ్చిరి. అతడు దానిని మ్రింగెను. స్నేహితునిగా పుచ్చుకొన్నాడు గాని బ్యాంకు ఉద్యోగిగా కాదు గనుక బ్యాంకు పూచీ లేదు అని తీర్పు. ఇది మన ఆశా కార్యకర్తలకు చక్కగా వర్తించును. నీళ్ల కుళాయి వద్ద పొరుగింటి అక్కగా ఆమెకు చెప్పుకొన్న మాట వేరు, ఇంటింటి సర్వేలో ఆమె వ్రాసికొన్న మాట వేరు. మొదటిది బయటకు వచ్చిన ఆమె మనస్సాక్షి జవాబు చెప్పవలెను. రెండవది వచ్చిన ఆమె పై అధికారి చెప్పవలెను. అట్లే, చట్టప్రకారము పైకి తెలుపవలసినవి కొన్ని గలవు. క్షయ రోగము కనుగొన్న వైద్యుడు ప్రభుత్వమునకు తెలుపవలెనని 2012 నుండి ఉత్తరువు ఉన్నది. అది రహస్యము చెడగొట్టుట కాదు.

ఇక మీ ఇంటి సంగతికి వత్తుము. ఇంతవరకు ఆసుపత్రివారి తప్పులు విని మీరు సంతోషముగా తల లూపినారు. పంచాయతీ కార్యాలయములోనే ఒక చిట్టా కలదు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము గ్రామములలో ఈ నమోదు పంచాయతీ కార్యదర్శి చేతి మీదుగా జరుగును. మరణ రిజిస్టరులో చావునకు కారణము వ్రాసి యుండును. ఆ చట్టములోని 17వ సెక్షను చూడుడు: రిజిస్టరు నుండి ఎవరికి ఏ నకలు ఇచ్చినను అందులో మరణ కారణమును తెలుపరాదు. డిజిటల్ చట్టము రాకముందు అయిదు దశాబ్దములకు మునుపే, బల్ల మీద సిరాబుడ్డి యున్న దినములలోనే, చచ్చినవాని జబ్బును సైతము కాపాడవలెనని చట్టము చెప్పినది. అట్టిచో “ఆయన దేనితో పోయినాడో రిజిస్టరు తీయుడు, చూతము” అని కార్యాలయములో నలుగురు కూర్చుండి పుటలు త్రిప్పుట ఎక్కడనైన జరిగినచో, అక్కడ యజమాని ఎవరో వేరుగ చెప్పనక్కరలేదు.

రాజ్యాంగపు 11వ షెడ్యూలులో పంచాయతీలకు చెందు విషయములలో ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు 23వ అంశముగా కలవు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘములో మీలో కొందరు సభ్యులు. వైద్యాధికారిని అడుగు చనువు మీకు గలదు. ఏమడుగవలెను? ట్యాబు తెరచు పాస్‌వర్డు ఒక్కొక్కరికి వేరుగా ఉన్నదా, లేక ఒకటే గోడ మీద వ్రాసి నలుగురు వాడుచున్నారా అని అడుగుడు. ఒకే పాస్‌వర్డు నలుగురికి ఉన్నచో ఫిన్లాండు కథ ఇక్కడ తయారైనదన్నమాట. పైగా తప్పు చేయని ముగ్గురు నర్సమ్మలు కూడ అనుమానమునకు పాలగుదురు. మా అనుభవములో నర్సమ్మలకు ఈ విషయమున చెడ్డ బుద్ధి కంటె పని ఒత్తిడియే ఎక్కువ. ఒక చేతిలో టీకా పెట్టె, ఒక చేతిలో రిజిస్టర్ల కట్ట, భుజమున ట్యాబు. తాళము వేయు బీరువా ఇయ్యకుండ రహస్యము కాపాడుమనుట యజమాని చేయు మొదటి తప్పు. ఆ బీరువా కొనుటకు తీర్మానము చేయగలవారు మీరు.

కంప్యూటరు తెర వరుసలో నిలిచిన జనమువైపు తిరిగి యున్నదా అని చూడుడు. వాట్సాప్ గ్రూపులలో లబ్ధిదారుల జాబితాలు జబ్బుల పేర్లతో తిరుగుచున్నవా అని మీ ఫోనులోనే చూచుకొనుడు. ఆ గ్రూపులో మీరును ఉందురు గనుక. క్షయ లేని పంచాయతీ అని పేరు తెచ్చుకొనుటకు మీకు కావలసినది లెక్క, పేర్లు కాదు. ఎవరికైన పోషకాహారము ఇప్పింప దలచినచో ముందు ఆ రోగి సమ్మతి నడుగవలెను, ఫోటో మాట తరువాత. మా పుస్తకము సంగతి చెప్పితిమి గదా. 2018లో మన రాష్ట్రములోనే అన్న సంజీవని దుకాణములలో మందులు కొన్నవారి పేర్లు, ఫోను నంబర్లు, కొన్న మందుతో సహా, అంతర్జాలమున ఎవరైన చూడదగినట్లు ఉండినవని పత్రికలలో వచ్చినది. అందులో ఎవరి పగయు లేదు. తలుపు తీసి ఉన్నది, అంతే.

తప్పు జరిగిన పిమ్మట ఫిర్యాదు ఎట్లు చేయవలెనను దానిలో పంచాయతీలు పొరబడునట్టి చోటొకటి కలదు. బాధపడిన మనిషి వచ్చి సర్పంచిగారికి చెప్పుకొనును. సర్పంచిగారు కోపముతో గ్రామసభలో లేచి, ఫలానా వారి అమ్మాయి ఫలానా జబ్బును ఫలానా ఉద్యోగి బయట పెట్టెను అని ప్రసంగింతురు. అప్పటివరకు పది ఇండ్లకు తెలిసినది ఊరంతటికి తెలియును. తీర్మాన పుస్తకములో అది శాశ్వతముగా నిలుచును. అట్లు చేయరాదు. ఫిర్యాదును బాధితురాలి చేతనే వ్రాయించి, మూసిన కవరులో వైద్యాధికారికి, తరువాత జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి ఇప్పింపవలెను. సోమవారము కలెక్టరు కార్యాలయములో జరుగు ప్రజా సమస్యల పరిష్కార వేదికలోను ఇయ్యవచ్చును, గాని అక్కడ బిగ్గరగా చదువవద్దని ముందే చెప్పవలెను. ఫిర్యాదులో ఉద్యోగి మీద చర్య కోరుటతో ఆగక, ఆ దినమున ఆ చిట్టాను ఎవరెవరు తెరచిరో లెక్క చూపుడని అడుగవలెను. లెక్క యున్న తప్పు చేసినవాడు దొరకును. లెక్క లేదని జవాబు వచ్చినచో ఆ జవాబునే వ్రాతపూర్వకముగా తీసికొనుడు. యజమాని మీద పోవుటకు అంతకు మించిన కాగితము వేరొకటి ఉండదు.

పంచాయతీ తీర్మానములో మాత్రము ఇంతే వ్రాసిన చాలును: “ఉపకేంద్రములో రోగుల రికార్డుల భద్రత గూర్చి సభ్యులు చర్చించిరి. తాళముతో కూడిన బీరువా, ఒక్కొక్క ఉద్యోగికి వేరు పాస్‌వర్డు ఏర్పాటు చేయవలెనని వైద్యాధికారిని కోరుటకు తీర్మానించిరి.” పేరు లేదు, జబ్బు లేదు.

భోజనముల వేళయైనది. భోజనానంతరము కార్యదర్శిగారు మరణ రిజిస్టరు ఉంచు బీరువాను చూపుదమన్నారు. రిజిస్టరును తెరువ నక్కరలేదు. తాళము వేసియున్నదో లేదో, తాళపుచెవి ఎవరి యొద్ద నున్నదో అందరము పోయి చూతము.